ముందుగది ఫ్యాను

ఆ లాయరు ఆఫీసు ముందుగదిలో కూర్చునే ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, వీధిలో అందరూ ఫ్యానమ్మ అనే అంటారు. వానాకాలమైనా చలికాలమైనా సరే, లోపలి గదిలోకి మనిషి వెళ్ళి తలుపు పడిందంటే చాలు, ఆవిడ లేచి గోడవారనున్న స్టాండు ఫ్యాను వేస్తుంది. అది అల్లాటప్పా ఫ్యాను కాదు. జాలీ వదులైపోయి, తిరిగినంతసేపూ వంతెన మీద రైలు పోతున్నట్టు మోగుతుంది. బెంచీ మీది వాళ్ళు చేతులు చంకల్లో పెట్టుకుని "ఏంటమ్మా నీకీ ఉక్కపోత?" అని ఎగతాళి చేస్తారు. ఆవిడ లేని చెమటని కొంగుతో తుడుచుకుని "నా ఒళ్ళే అంత" అంటుంది.

నిజానికి ఆవిడది వట్టి చలి ఒళ్ళు. ఇంట్లో ఎండాకాలం కూడా దుప్పటి లేనిదే నిద్రపట్టదు. ఆ ఫ్యాను తన కోసం కాదు, లోపల కూర్చునే పెద్ద లాయరు గొంతు కోసం.

పెద్ద లాయరుకి చెవుడు. ఆ మాట ఆయన ముందు ఎవరూ అనలేదు కాబట్టి ఆయన లెక్కలో ఆయనకి లేదు. ఈ మధ్య జనమే గొణుగుతున్నారని ఆయన బాధ. పోనీ వినపడని మాటని వదిలేస్తాడా అంటే అదీ లేదు. వచ్చినవాళ్ళు చెప్పిన ప్రతి సంగతినీ తన నోటితో తిరిగి అప్పజెప్పి, "అంతేనా?" అని ఖాయం చేసుకుంటే గానీ కలం కదపడు. అప్పజెప్పేది తన చెవికి ఆనేంత గట్టిగా అప్పజెబుతాడు. రెండు గదులకీ మధ్యనున్నది ప్లైవుడ్ గోడ.

ఆయన కూతురు, అందరూ చిన్న లాయరు అనే అమ్మాయి, ఈ మధ్యే చదువు ముగించి తండ్రి పక్కన కుర్చీ వేసుకుంది. రాగానే ఆఫీసుని ప్రక్షాళన చేసింది. ఇనప బీరువాకి కొత్త తాళం వేయించింది. ఫైళ్ళ మీద పేర్లు తీసేసి అంకెలు వేసింది. చిత్తుకాగితాలని సేమ్యాలా కోసిపడేసే మిషను ఒకటి తెచ్చి ఫ్యానమ్మ బల్ల పక్కన పెట్టింది. "మీ వివరాలు మా దగ్గర భద్రం" అని బోర్డు కూడా కట్టించింది. అంతా బాగానే ఉంది. తండ్రి గొంతు మాత్రం ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ వింటున్నదే కాబట్టి, అది గొంతులాగే వినిపించేది గానీ గోడకి పడ్డ కన్నంలా కనిపించలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. మామూలుగా అయితే ఫ్యానమ్మ సగంమందిని వరండాలో కూర్చోబెడుతుంది, అక్కడ గాలి బాగుంటుందని చెప్పి. వానకి అందరూ లోపలికొచ్చి బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. గొడుగుల నీళ్ళు గచ్చు మీద చిన్న కాలువ కట్టాయి. ప్లైవుడ్ గోడకి వీపు ఆనించి మందులషాపాయన కూర్చున్నాడు. పక్కింటివాడితో ప్రహరీగోడ తగాదా ఆయనది. మనిషి చెడ్డవాడు కాదు గానీ, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

లోపల ఉన్నది రొట్టెలమ్మ. సందు మొదట్లో బేకరీ ఆవిడదే. భర్త పోయాక చేతులు కాల్చుకుంటూ నేర్చుకుని నిలబెట్టిన కొట్టు. మాట పొదుపు మనిషి. తలుపు వేసుకునే ముందు వెనక్కి తిరిగి, "అమ్మాయ్, నేను బయటికొచ్చేదాకా ఎవరినీ రానివ్వకు" అంది.

"మీరు నిశ్చింతగా వెళ్ళండి పిన్నిగారూ" అని ఫ్యానమ్మ ఫ్యాను వేసింది.

ఫ్యాను మోత బెంచీకి సరిపోతుంది గానీ ఫ్యానమ్మ కుర్చీకి సరిపోదు. ఆ కుర్చీ తలుపుని ఆనుకునే ఉంటుంది. కాగితాలకి కన్నాలు కొట్టి, ట్యాగు దూర్చి, ముడి వేస్తుంటే వద్దన్నా మాటలు చెవిన పడతాయి. ఇన్నేళ్ళుగా అలా పడ్డవన్నీ ఆవిడ కడుపులో రాళ్ళలా పడి ఉన్నాయి. ఒక్కటీ పైకి రాలేదు.

"ఏడుస్తాడంటారా! కొట్టడు, తిట్టడు, కూర్చుని ఏడుస్తాడు! మీరు కరిగిపోతారు! అంతేనా?" అని లోపల పెద్ద లాయరు ఖాయం చేసుకుంటున్నాడు. "అలా ఏడ్చేసే కొట్టు మీదొచ్చిందంతా పట్టుకుపోయాడు! కొట్టు పనంతా చేసేది కోడలు! అంతేనా?"

ఫ్యానమ్మ కన్నాల మిషనుని కాస్త గట్టిగా నొక్కడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను ఒక్కసారిగా ఆగదు కదా, మూలుగుతూ మూలుగుతూ నెమ్మదించింది. అది నెమ్మదిస్తున్న కొద్దీ లోపలి మాట తేటపడింది. రెక్కలు పూర్తిగా ఆగేసరికి ముందుగదిలో వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"అయితే ఇల్లు కోడలి పేరున వీలునామా రాయమంటారు! కొడుక్కి చిల్లిగవ్వ దక్కకూడదు! సంతకం అయ్యేదాకా వాడి చెవిన పడకూడదు, పడితే ఒళ్ళో తలపెట్టి ఏడుస్తాడు, మీరు మెత్తబడిపోతారు! అంతేనా?"

ఫ్యానమ్మ కన్నాల మిషనుని ఎత్తి కింద పడేసింది. దభీమని చప్పుడైంది గానీ, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే అయింది. బెంచీ మీద ఒకాయన పైకప్పు చూస్తున్నాడు. ఒకావిడ గొడుగు మడతలు సర్దుకుంటోంది. మందులషాపాయన మాత్రం గోడ మీంచి వీపు తీసి, నిటారుగా కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. రొట్టెలమ్మకి ఫ్యాను ఆగడం వినపడే ఉంటుంది. బెంచీని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఎవరూ ఆవిడ కళ్ళల్లోకి చూడలేదు. చూడకపోవడంతోనే అంతా తెలిసిపోయింది.

"ఎల్లుండి సంతకానికి రమ్మన్నారు" అంది ఎవరికో చెబుతున్నట్టు. చేతిలోని గొడుగు తెరవకుండానే వానలోకి దిగి నడిచి వెళ్ళిపోయింది. ఫ్యానమ్మ గుమ్మం దాకా పరుగెత్తి "పిన్నిగారూ, గొడుగు!" అని కేకేసింది గానీ ఆవిడ తిరిగి చూడలేదు.

మర్నాడు ఆఫీసు తీస్తుండగానే కొడుకు వచ్చాడు. చక్కని మనిషి, మెత్తని గొంతు, చేతిలో మడత నలగని జేబురుమాలు. చిన్న లాయరు ఎదురుగా నిలబడి "మా అమ్మ ఏదో రాయిస్తోందట కదా మేడమ్" అన్నాడు. అనేసరికే కళ్ళు నిండాయి.

"ఎవరు వచ్చారో, ఎందుకొచ్చారో మేము బయటికి చెప్పమండి" అంది చిన్న లాయరు. అలాగే అనాలి, అలాగే అంది.

"మీరు చెప్పక్కర్లేదులెండి. మందులషాపులో దగ్గుమందు కొనుక్కుంటే సీసాతోపాటు ఇదీ కట్టిచ్చారు." అతను కళ్ళొత్తుకుని వెళ్ళిపోయాడు.

చిన్న లాయరు చాలాసేపు బోర్డు కింద నిలబడింది. తర్వాత కుర్చీ లాక్కుని ఫ్యానమ్మ ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా ఈ ఆఫీసుకే వచ్చి, ఈవిడ చేతే జడ వేయించుకున్న పిల్ల.

"అక్కా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఫైలు మీద పేరు లేదు. బీరువాకి తాళం ఉంది. చిత్తుకాగితాలు మిషనులో ముక్కలయ్యాయి. కంప్యూటరు నాకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. మరి మందులషాపాయన దాకా ఎలా వెళ్ళింది? ఇంకేం మిగిలింది, నువ్వే చెప్పు."

మిగిలింది ఫ్యానమ్మ నోరు. ఆ మాట ఆ పిల్ల అనలేదు. అనకపోయినా ఫ్యానమ్మ చెంపలు కాలిపోయాయి.

ఆవిడ కళ్ళు లోపలి తలుపు వైపు వెళ్ళాయి. తలుపు అవతల పెద్ద లాయరు ఫోనులో ఎవరినో "గట్టిగా మాట్లాడవయ్యా, గొణుగుతావేం" అని కసురుకుంటున్నాడు. ఒక్క మాట చాలు, ఆవిడ మీది మచ్చ పోతుంది. ఆ ఒక్క మాటతో ఆయన కుర్చీ కూడా పోతుంది. చెవుడని తేలిన మర్నాటి నుంచి ఆ మనిషి ఈ మెట్లెక్కడు. ఇంట్లో పేపరు ముందేసుకుని కూర్చుంటాడు. ఇంతమంది గుట్టు కడుపులో దాచుకున్న ఆవిడకి, ఆయన గుట్టు మాత్రం బరువా?

"నేను ఎవరికీ చెప్పలేదు మేడమ్" అంది.

"చెప్పావని కాదక్కా. నాన్నకి కూడా ఇంకా చెప్పలేదు. కొన్నాళ్ళు బీరువా తాళంచెవి నా దగ్గరుంచుతాను, అంతే."

ఫ్యానమ్మ నడుముకున్న గుత్తిలోంచి ఆ తాళంచెవిని తీయబోయింది. రింగు బిగుసుకుపోయి గోరు విరిగింది గానీ రాలేదు. చిన్న లాయరు సాయం చేయబోతే చెయ్యి పక్కకి లాక్కుని, తనే తీసి బల్ల మీద పెట్టింది.

ఆ సాయంత్రం భర్త షెడ్డు నుంచి వచ్చి, చేతుల గ్రీజు సబ్బుతో రుద్దుకుంటూ, భార్య మొహం చూసి ఏమైందన్నాడు. ఆవిడ పేర్లూ ఊర్లూ లేకుండా, ఎవరిదో సంగతి బయటపడిందనీ, తన మీదికి వచ్చిందనీ చెప్పింది. అతను పగలబడి నవ్వాడు.

"నువ్వు చెప్పావన్నారా? నువ్వా? ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఆఫీసు ముచ్చట ఒక్కటైనా నా చెవిన వేశావా? మీ సారుకి చెవుడన్న సంగతి కూడా ఆయన కేకలు విని నాకు నేనే కనిపెట్టుకున్నాను." చేతులు తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు. "గోడలకి చెవులుంటాయంటారు చూడు, ఆ గదిలో చెవులున్నది గోడ ఒక్కదానికే."

ఆవిడకి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"చెప్పెయ్యి మరి, ఆయన వల్లేనని."

"ఎలా చెప్పమంటారు? ఆ పెద్దాయన గుట్టు అది."

భర్త తువ్వాలు తీగ మీద ఆరేశాడు. "ఆయన గుట్టు కాశావు, బాగానే ఉంది. మరి నిన్నెవరో నమ్మి లోపలికెళ్ళారే, వాళ్ళ గుట్టు?"

అన్నం ముందు కూర్చున్నా ఆ మాటే చెవుల్లో తిరిగింది. నిజమే కదా. ఆయన పరువు నిలవాలని తను ఫ్యాను వేస్తూ వచ్చింది గానీ, ఫ్యాను ఆగితే ఏమవుతుందో తెలిసి కూడా వేస్తూనే వచ్చింది. ముసలాయన మీద జాలితో ఎంతమందిని ఆ పాత రెక్కలకి వదిలేసిందో లెక్కపెట్టుకుంటూ, కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు ముందుగా వెళ్ళింది. చిన్న లాయరు రాగానే వీధి తలుపుకి గడియ పెట్టి, "మేడమ్, మీరొకసారి ఈ బెంచీ మీద కూర్చోండి. నేను సారుతో మాట్లాడి వస్తాను" అంది.

"బెంచీ మీద ఎందుకక్కా?"

"కూర్చోండి, మీకే తెలుస్తుంది." ఫ్యాను జోలికి పోకుండా, టీ కప్పు పట్టుకుని లోపలికెళ్ళి తలుపు వేసింది.

ఇంకొకరి సంగతి వాడుకోవడానికి ఆవిడకి మనసొప్పలేదు. తన దగ్గర తనదంటూ ఒకే ఒక్క రహస్యం ఉంది. అదే తీసింది.

"సార్, నాదొక సంగతి. ఎవరికీ చెప్పలేదు" అంది, రోజూ మాట్లాడే గొంతుతోనే.

పెద్ద లాయరు ఆవిడ పెదాలనే చూస్తూ ముందుకి వంగాడు. "చెప్పమ్మా. ఈ గదిలో మాట గడప దాటదు."

"ఎదురు మేడలో పళ్ళ డాక్టరుగారు నన్ను పనిలోకి రమ్మంటున్నారు. మా ఆయనకి కూడా చెప్పలేదు."

"ఎదురు మేడ పళ్ళ డాక్టరు నిన్ను పనిలోకి రమ్మంటున్నాడా! మీ ఆయనకి కూడా తెలియదా! అంతేనా?"

"అంతే సార్. నిన్నటి నుంచీ వెళ్ళిపోదామనే ఉంది. బీరువా తాళంచెవి తీసేసుకున్నారు. ఇక్కడ కూర్చోవాలంటే చిన్నతనంగా ఉంది."

"తాళంచెవి తీసేసుకున్నారా! ఎవరు, మా అమ్మాయా? నీ దగ్గరా! ఈ బెంగతో వెళ్ళిపోతానంటావా? అంతేనా?" పెద్ద లాయరు కోపంతో బల్ల మీద చరిచాడు. టీ సాసర్లోకి ఒలికింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో చిన్న లాయరు. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, నీ మాట ఒక్క ముక్క వినపడలేదు. నాన్నది మాత్రం అక్షరం పొల్లుపోలేదు" అంది నెమ్మదిగా.

"ఏంటీ?" అన్నాడు తండ్రి.

కూతురు దగ్గరికొచ్చి, ఆయన కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గర చెప్పింది. ఆయన విన్నాడు. ప్లైవుడ్ గోడని చూశాడు. తెరిచిన తలుపులోంచి, ఆగి ఉన్న ఫ్యానుని చూశాడు.

"అందుకా అది? నీకు ఉక్కపోత అనుకున్నానే" అన్నాడు. మెల్లగానే అన్నాననుకుని వీధి దాకా వినపడేలా అన్నాడు.

ఫ్యానమ్మ తల వంచుకుంది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"మొన్న వానలో కరెంటు పోయింది కదా?"

అంత పెద్ద మనిషి కుర్చీలో అలా కుంగిపోతుంటే చూడలేక, ఫ్యానమ్మ ఒలికిన టీని కొంగుతో తుడిచింది. చిన్న లాయరు లేచి, బీరువా తాళంచెవిని తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. ఫ్యానమ్మ తాళంచెవిని గుత్తికి తగిలించుకుని, వెళ్ళి వీధి తలుపు గడియ తీసింది.

రొట్టెలమ్మ రాదనే ముగ్గురూ అనుకున్నారు. వచ్చింది, కొడుకు చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తుంటే. రెండు రాత్రులు నిద్ర లేదని ఆవిడ మొహమే చెబుతోంది. అతను తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కనే నిలబడి, "అమ్మ మనసు మార్చుకుంది సార్. ఇల్లు నా పేరునే రాసేయమంటోంది. కదమ్మా?" అన్నాడు.

"ఊఁ" అంది రొట్టెలమ్మ నేలకేసి చూస్తూ.

పెద్ద లాయరు అలవాటుగా నోరు తెరిచాడు. తెరిచినవాడు మళ్ళీ మూసేసి, కూతురి వైపు చూశాడు.

"సంతకం పెట్టేవాళ్ళు తప్ప లోపల ఎవరూ ఉండకూడదండి. ఎవరికైనా ఇదే పద్ధతి" అంది చిన్న లాయరు.

"కన్నకొడుకుని, నేను పరాయివాణ్ణా మేడమ్?" కొడుకు కళ్ళు నీళ్ళతో తొణికాయి. అది చూసి తల్లి చెయ్యి కుర్చీ మీంచి లేవబోయింది.

ఫ్యానమ్మ ఎప్పుడొచ్చిందో, అతని మోచెయ్యి పట్టుకుంది. "రండి బాబూ, బయట గాలి బాగుంటుంది." తీసుకెళ్ళి బెంచీ మీద, సరిగ్గా ఫ్యానుకి ఎదురుగా కూర్చోబెట్టి, పూర్తిగా తిప్పింది. ఆ హోరుగాలికి అతని జుట్టు లేచి నిలబడింది. కన్నీళ్ళు చెంప మీదికి జారకుండానే ఆరిపోయాయి.

అతను కాసేపు ఆగి, గోడ మీది బోర్డు చదువుతున్నట్టు లేచి ప్లైవుడ్ దగ్గరికి జరిగాడు. ఫ్యానమ్మ పాత పేపర్ల కట్ట తెచ్చుకుని, కాగితాలు కోసే మిషనులో ఒక్కొక్కటే పెట్టసాగింది. అది గిర్రుమని అరుస్తుంటే అతను విసుగ్గా చూశాడు. "చాలా పని పేరుకుపోయింది బాబూ" అంది ఆవిడ.

లోపల చిన్న లాయరు అడుగుతోందో, రొట్టెలమ్మ చెబుతోందో, ఏమీ తెలియలేదు. అలవాటు కొద్దీ ఫ్యానమ్మ చెవి కూడా తలుపు వైపు వెళ్ళింది. ఏమీ లేదు. తలుపు పక్క కుర్చీలో కూర్చుని కూడా ఒక్క ముక్క చెవిన పడకపోవడం ఆవిడకి కొత్త. బావిలో బొక్కెన వేస్తే నీళ్ళ చప్పుడు రానట్టుంది.

చాలాసేపటికి చిన్న లాయరు తలుపు తీసి "అక్కా, సాక్షి సంతకం" అని పిలిచింది.

బల్ల మీద ఒకటే దస్తావేజు ఉంది. దాని మీద ఒక తెల్లకాగితం కప్పి, కింద సంతకాల జాగా మాత్రం వదిలారు. సాక్షికి సంతకం కనపడితే చాలు, సంగతి తెలియనక్కర్లేదు. ఆ పద్ధతి ఎప్పుడూ ఉన్నదే గానీ, సంగతి నిజంగా తెలియకుండా ఫ్యానమ్మ సాక్షిగా నిలబడడం ఇదే మొదలు. పెద్ద లాయరు బడిలో నోటి మీద వేలేసుకున్న పిల్లాడిలా పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. రొట్టెలమ్మ గోళ్ళ సందుల్లో పిండి ఇంకా తెల్లగానే ఉంది. అక్షరం వెనక అక్షరం పేర్చుకుంటూ సంతకం చేసి, కలం మూత పెట్టింది. ఆవిడ చూస్తుండగా ఫ్యానమ్మ, తర్వాత చిన్న లాయరు సంతకాలు చేశారు.

లేస్తూ రొట్టెలమ్మ ఫ్యానమ్మ మణికట్టు పట్టుకుంది. "అమ్మాయ్, ఇవాళ బయటికి ఏమైనా వినపడిందా?"

"లేదు పిన్నిగారూ. నాక్కూడా వినపడలేదు."

రొట్టెలమ్మ తలూపి బయటికి నడిచింది.

"అయిపోయిందా అమ్మా?" అన్నాడు కొడుకు.

"అయిపోయింది."

"మరి, మనం అనుకున్నట్టే..."

"పొయ్యి మీద పని వదిలేసి వచ్చాను, పద" అని ఆవిడ గొడుగు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. ఈసారి కొడుకు వెనకాల నడిచాడు.

సాయంత్రం ఇంటికి పోతూ ఫ్యానమ్మ బేకరీ దగ్గర ఆగింది. కోడలు గల్లా దగ్గర ఉంది. సన్నటి పిల్ల, చేతులు మాత్రం అత్తగారివిలాగే పొయ్యి సెగకి కమిలి ఉన్నాయి. రొట్టె కాగితంలో చుడుతూ, గొంతు తగ్గించింది.

"అక్కా, వీధిలో అందరూ నన్ను అదోలా చూస్తున్నారు. నా పేరున ఏదో రాసిందట అంటున్నారు, లేదట అంటున్నారు. అత్తయ్యని అడగాలంటే నాకు నోరు రాదు. మీ ఆఫీసులోనే కదా జరిగింది. ఏం రాసింది?"

"నాకు తెలియదమ్మా" అంది ఫ్యానమ్మ.

ఈ మాట ఆవిడ ఇంతకుముందు ఎన్నోసార్లు అంది. తెలిసీ తెలియదని అనడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఇప్పుడు అది నిజమే అయ్యేసరికి, ఎత్తిన మూట దింపినట్టు భుజాలు తేలికయ్యాయి. కోడలు ఆవిడ మొహంలోకి చూసి, అక్కడ దాచింది ఏమీ కనపడక, నమ్మింది.

"ఆవిడనడిగితే ఏం తెలుస్తుందే? రొట్టె కట్టివ్వు" అని లోపలి నుంచి రొట్టెలమ్మ గొంతు వినపడింది.

వెనక గదిలో ఆవిడ చేతులు మోచేతుల దాకా పిండిలో పెట్టి మర్దిస్తోంది. కొడుకు పక్కన పీట మీద కూర్చుని, జేబురుమాలు కళ్ళకి అడ్డం పెట్టుకుని, వెక్కుతూ ఏదో అంటున్నాడు. రొట్టెలమ్మ పిండిని ఎత్తి బల్ల మీద కొట్టి, తిరగేసి, మళ్ళీ కొట్టింది.

"కాస్త అవతలికి జరిగి ఏడువు నాయనా" అంది తలెత్తకుండానే. "పిండిలో పడితే ఉప్పెక్కువవుతుంది."

ఫ్యానమ్మ వెచ్చటి రొట్టెని గుండెకి ఆనించుకుని ఇంటిదారి పట్టింది.